కొండ మీది బస్తీకి తీగల దారి

ఒకప్పుడు ఆ ఊరి పేరు చెబితే ప్రపంచం హడలిపోయేది. విదేశీయులు అటువైపు వెళ్లాలంటేనే భయపడేవారు. అలాంటి నగరానికి 2014 ఏప్రిల్‌లో 22 వేల మందికి పైగా అతిథులు తరలివెళ్లారు. మంత్రులు, మేయర్లు, ఇంజినీర్లు, బస్తీ సంఘాల ప్రతినిధులు... అందరిదీ ఒకటే ప్రశ్న. ఊరు పెరిగేకొద్దీ అందులో ఉండే మనిషి కూడా బాగుపడాలంటే ఏం చేయాలి?

దక్షిణ అమెరికాలోని కొలంబియాలో రెండో పెద్ద నగరం మెడెలిన్. ఆండీస్ పర్వతాల మధ్య, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, ఇరుకైన లోయలో ఉంటుంది. ఏడాది పొడవునా హాయైన వాతావరణం. అందుకే దాన్ని 'నిత్యవసంత నగరం' అంటారు. అయితే 1980ల్లో, 90ల్లో ఆ ఊరు వార్తల్లోకెక్కింది మాత్రం తుపాకులతోనే. మాదకద్రవ్యాల ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్‌కి అది అడ్డా. 1991లో ఒక్క ఏడాదిలోనే అక్కడ 6 వేల మందికి పైగా హత్యకు గురయ్యారు. అంటే లక్ష జనాభాకి 381 హత్యలు!

ఎస్కోబార్ 1993 డిసెంబరులో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. హమ్మయ్య అనుకున్నారంతా. కానీ కష్టాలు అతనితో పోలేదు. వాటి వేళ్లు కొండల మీద ఉన్నాయి మరి.

మెట్లెక్కని ప్రభుత్వం

పల్లెల్లో అంతర్యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చిన కుటుంబాలకు లోయలో చోటు దొరకలేదు. దాంతో కొండవాలుల మీద ఇటుకలు, రేకులతో ఇళ్లు వేసుకున్నారు. విజయవాడలో కొండ మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఇళ్లను చూసినవారికి ఆ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టమేం కాదు. కింద ఫ్యాక్టరీకో దుకాణానికో పనికి వెళ్లాలంటే నిటారు మెట్లు దిగాలి. ఇరుకు మలుపుల్లో తిరిగే బస్సు కోసం కాచుకోవాలి. సాయంత్రం ఒళ్లు హూనమయ్యాక మళ్లీ ఎక్కాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే చేతుల మీద మోసుకుని దించాల్సిందే.

ప్రభుత్వం ఆ మెట్లెక్కింది తక్కువ. ఆ ఖాళీలోకి ముఠాలు వచ్చి కూర్చున్నాయి. ఈ వీధి కుర్రాడు ఆ వీధిలో అడుగుపెడితే ప్రాణం పోయేలా కంటికి కనిపించని సరిహద్దులు గీశాయి. 1995లో మెట్రోరైలు వచ్చింది. కానీ అది లోయలో, నది పక్కనే నడిచేది. కొండ మీది వాళ్లకు దాన్ని అందుకోవడమే ఒక ప్రయాణం.

రోప్‌వే... రోజువారీ బండి!

రోప్‌వే అనగానే కొండ మీద గుడో, మంచుకొండల్లో విహారమో గుర్తొస్తాయి మనకి. మెడెలిన్ దాన్ని సిటీ బస్సులా వాడుకుంది. పేదలు ఎక్కువగా ఉండే ఈశాన్య కొండల మీద శాంతో డొమింగో బస్తీ దాకా 2004లో తొలి 'మెట్రోకేబుల్' మొదలైంది. పొడవు సుమారు రెండు కిలోమీటర్లు, స్టేషన్లు నాలుగు. ఒక్కో పెట్టెలో ఎనిమిది నుంచి పది మంది కూర్చుని, నిలబడి వెళ్లొచ్చు. గంటకి ఒక్కో దిశలో 3 వేల మందిని చేరవేయగలదు. కింద నేరుగా మెట్రో స్టేషన్‌లోకే దిగుతుంది. రోజూ పనికెళ్లే వారి కోసం నగర రవాణాలో భాగంగా ఇలా రోప్‌వే కట్టడం ప్రపంచంలోనే తొలి ప్రయత్నాల్లో ఒకటి.

రోడ్డు వేయకుండా తీగే ఎందుకు వేశారూ అంటే, నిటారు కొండ మీద రోడ్డు వేయాలంటే వందల ఇళ్లు కూల్చాలి. తీగకైతే అక్కడక్కడా ఓ స్తంభం నిలబెట్టే చోటు దొరికితే చాలు. ఎవరి గూడు చెదరకుండా దారి ఏర్పడుతుంది.

అదే ఏడాది మేయర్ అయ్యాడు సెర్జియో ఫహార్డో. రాజకీయాల్లోకి రాకముందు లెక్కల ప్రొఫెసర్. ఊళ్లోకెల్లా అందమైన కట్టడాలు పేదలుండే చోటే కట్టాలన్నది ఆయన పట్టు. పేదవాడికి ఏదో ఒకటిలే అని నాసిరకంగా కట్టిస్తే, 'నీ విలువ ఇంతే' అని చెప్పినట్టేనన్నది ఆయన వాదన. ఆ పట్టుతోనే కొండల మీద ఉద్యానవనాలతో కూడిన గ్రంథాలయాలు, బడులు వెలిశాయి. అంతకన్నా ముఖ్యం, ఏం కట్టాలన్నది ముందు బస్తీవాళ్లనే అడిగారు. వారితో కూర్చుని ఊహలకు బొమ్మలు గీయించారు. నగర బడ్జెట్‌లో 5 శాతాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ప్రజలే తేల్చుకునే పద్ధతి తెచ్చారు.

పక్కపక్కనే ఉండీ ముఠాల గొడవలతో విడిపోయిన ఆందలూసియా, లా ఫ్రాన్సియా అనే రెండు బస్తీల మధ్య లోయ మీద కాలిబాట వంతెన కట్టారు. జువాన్ బోబో అనే వాగు ఒడ్డున ప్రమాదకరంగా బతుకుతున్న కుటుంబాలను ఊరవతలకి తరలించలేదు. ఆ వాగునే బాగుచేసి, అక్కడే పక్కా ఇళ్లు కట్టి ఇచ్చారు. ఇరుగుపొరుగు, పిల్లల బడి, చేసే పని... ఏదీ దూరం కాలేదు.

2011 డిసెంబరులో 'కొమ్యూనా 13' అనే ప్రాంతంలో ఆరుబయట ఎస్కలేటర్లు వచ్చాయి. ఆరు దశల్లో మొత్తం 384 మీటర్లు. 28 అంతస్తుల మేడ ఎక్కినంత ఎత్తు! అరగంటకు పైగా ఆయాసపడుతూ ఎక్కాల్సిన చోటికి ఆరు నిమిషాల్లో, పైసా ఇవ్వకుండా చేరుకోవచ్చు.

మరి ఇంత డబ్బెక్కడిది? కరెంటు, నీళ్లు, గ్యాస్ సరఫరా చేసే కంపెనీ అక్కడ నగరపాలక సంస్థ సొంతం. 1955లో ఏర్పాటైన ఆ సంస్థ లాభాల్లో సుమారు 30 శాతం ఏటా నగర ఖజానాకు చేరుతుంది. ఇంటింటి కరెంటు బిల్లులోంచి మిగిలిందే కొండ మీద బడిగా, బాటగా మారిందన్నమాట. ఆ సంస్థ నీళ్లట్యాంకుల చుట్టూ కంచెలు వేసి ఉన్న స్థలాలు రాత్రిళ్లు చీకటి మడుగుల్లా ఉండేవి. ఆ తర్వాతి కాలంలో వాటిలో కొన్నింటిని తెరిచి పార్కులుగా మార్చారు.

ఏడో సదస్సు... ఏం తేల్చింది?

నగరాల సమస్యల మీద ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ రెండేళ్లకోసారి 'ప్రపంచ నగర సదస్సు' జరుపుతుంటుంది. మొదటిది 2002లో నైరోబీలో జరిగింది. ఏడోది మెడెలిన్ వంతు. 2014 ఏప్రిల్ 5 నుంచి 11 వరకు జరిగిన ఆ సదస్సు అంశం 'అభివృద్ధిలో సమానత'. బతకడానికి అనువైన నగరాలు కావాలన్నది దాని నినాదం. బార్సిలోనా మాజీ మేయర్ జోన్ క్లోస్ అప్పట్లో ఆవాస సంస్థకు అధిపతి.

మేడలు, ఫ్లైఓవర్లు లెక్కపెట్టుకుని నగరం ఎదిగిందనుకోవడం పొరపాటని ఆ సదస్సు గట్టిగా చెప్పింది. రవాణా, నీరు, ఇల్లు, ఖాళీ జాగా... ఇవి ఎవరెవరికి ఎంతెంత అందుతున్నాయన్నదే అసలు కొలత. ఈ ఆలోచనే 2015లో ఐరాస సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోదానిగా చోటు చేసుకుంది. 2016 అక్టోబరులో ఈక్వెడార్ రాజధాని క్విటోలో దేశాలన్నీ ఆమోదించిన 'కొత్త నగర ప్రణాళిక'లోనూ కనిపిస్తుంది.

మెడెలిన్ సదస్సు జరిగిన ఆరు నెలలకే, 2014 అక్టోబరులో మన హైదరాబాద్ మెట్రోపొలిస్ ప్రపంచ మహాసభకు వేదికయింది. ప్రపంచంలోని మహానగరాల సంఘం జరిపే ఆ సభ అంశం కూడా దాదాపు అదే: 'అందరి కోసం నగరాలు'.

ఆరోగ్యానికీ దారికీ లంకె

రోప్‌వే వేస్తే హత్యలు తగ్గుతాయా? పరిశోధకులు ఈ సంగతి లెక్కలతో సహా చూశారు. కేబుల్‌కారు, ఇతర సదుపాయాలు వచ్చిన బస్తీలనూ, అలాంటివే అయినా ఇవేవీ రాని బస్తీలనూ 2003 నుంచి 2008 వరకు పోల్చారు. సదుపాయాలు వచ్చిన చోట హత్యల రేటు తగ్గుదల రెండో రకం బస్తీల కంటే 66 శాతం ఎక్కువగా ఉందని తేలింది. ఇది అచ్చయింది అంటువ్యాధుల్లాంటి ఆరోగ్య సమస్యల మీద పరిశోధనలు వేసే పత్రికలో, 2012లో. హింస కూడా ఊరికి పట్టే జబ్బేనని, దానికి మందు ఆసుపత్రిలోనే కాక వీధిలో కూడా ఉంటుందని దీని సారాంశం. 1991లో లక్షకి 381గా ఉన్న హత్యల రేటు సదస్సు జరిగిన ఏడాదికి 30 లోపుకు దిగింది.

ఇక ఇరుకు లోయ కావడంతో వాహనాల పొగ పైకి పోయే దారి లేక కొన్ని రోజులు ఊరంతా ముసురుకుంటుంది. 2016లోనూ, 2017లోనూ గాలి మరీ పాడై వాహనాల మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఆ కాలంలోనే రోడ్ల పక్కన, వాగుల వెంట 30 పచ్చని బాటలు పెంచడం మొదలుపెట్టారు. పేద కుటుంబాల నుంచి కొందరిని ఎంపికచేసి తోటపని నేర్పి ఉపాధి చూపించారు. చెట్లు ఎదిగిన చోట వేడి సుమారు రెండు డిగ్రీలు తగ్గిందని నగరం లెక్క. దీనికి 2019లో బ్రిటన్‌కి చెందిన ఆష్‌డెన్ అవార్డు దక్కింది.

అందమైన బొమ్మకి అవతల

అలాగని మెడెలిన్ కథంతా తీపే కాదు. సదస్సు జరుగుతున్న రోజుల్లోనే స్థానిక ప్రజాసంఘాలు విడిగా మరో సభ పెట్టుకున్నాయి. అతిథులకు చూపిస్తున్న నగరం వేరు, తాము బతుకుతున్న నగరం వేరన్నది వాళ్ల ఫిర్యాదు. కేబుల్‌కారు చేరని కొండలు ఇంకా చాలానే ఉన్నాయి. శాంతో డొమింగో కొండ మీద 2007లో ప్రారంభమై ఊరికే గుర్తుగా నిలిచిన స్పెయిన్ గ్రంథాలయం గోడలు దెబ్బతిని 2015లో మూతపడింది. మరమ్మతులు ఏళ్ల తరబడి సాగాయి. కట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు!

ఎస్కలేటర్లున్న కొమ్యూనా 13 గాయం ఇంకా లోతైనది. 2002 అక్టోబరులో 'ఆపరేషన్ ఓరియన్' పేరుతో సైన్యం, పోలీసులు ఆ కొండ మీద దాడి చేశారు. ఆ రోజుల్లో చాలామంది కనిపించకుండా పోయారు. పక్కనే భవన వ్యర్థాలు పారబోసే 'లా ఎస్కోంబ్రేరా' గుట్ట కింద తమ బిడ్డలు ఉన్నారంటూ తల్లులు రెండు దశాబ్దాలకు పైగా మొత్తుకున్నారు. ఎవరూ నమ్మలేదు. ఈలోగా ఎస్కలేటర్ల చుట్టూ గోడలకు రంగుల బొమ్మలు వచ్చాయి, పర్యాటకులు వచ్చారు, దుకాణాలు వెలిశాయి. చివరికి 2024 డిసెంబరులో ఆ గుట్ట కింద తవ్వితే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. 'అమ్మలు చెప్పింది నిజమే' అని నగరంలో గోడల మీద యువకులు రాశారు.

అందుకే మెడెలిన్‌కి వెళ్లొచ్చిన నగరాలు కేబుల్‌కారు ఒక్కటే చూసొస్తే సగమే చూసినట్టు. తీగలు, స్తంభాలు డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. బస్తీవాళ్లని కూర్చోబెట్టి అడగడం, వాగు ఒడ్డువాళ్లకి వాగు ఒడ్డునే ఇల్లు కట్టివ్వడం, కొండ మీద తల్లి చెప్పేది వినడం మాత్రం ఏ కంపెనీ అమ్మదు. మెడెలిన్ మొదటి రెండూ చేసి ప్రపంచాన్ని తన ఇంటికి రప్పించుకుంది. మూడోది నేర్చుకోవడానికి దానికీ ఇరవై ఏళ్లు దాటింది.