ఒకే తగాదా, మూడు తీర్పులు

పారిస్‌కు దక్షిణాన ఫాంటెన్‌బ్లో అనే ఊళ్లో ఇన్‌సియాడ్ బిజినెస్ స్కూల్ ఉంది. 1970లలో అక్కడ ఓవెన్ జేమ్స్ స్టీవెన్స్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఎంబీఏ విద్యార్థులకు పాఠాలు చెప్పేవారు. ఆయన పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చేవారు. ఒక కంపెనీలో ఇద్దరు డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు పడటం లేదు. ఇద్దరికీ పైన ఒకడే జనరల్ మేనేజర్. గొడవకు అసలు కారణమేమిటి? దాన్ని ఎలా తీర్చాలి? ఎవరి జవాబు వాళ్లే రాయాలి.

పేపర్లు దిద్దుతున్నకొద్దీ స్టీవెన్స్‌కు ఒక అనుమానం బలపడింది. జవాబుకూ, రాసినవాళ్ల దేశానికీ ఏదో సంబంధం ఉన్నట్టుంది. సుమారు 200 మంది జవాబులు దాచిపెట్టి, ఫ్రెంచివాళ్లవి, జర్మన్లవి, బ్రిటిష్‌వాళ్లవి వేర్వేరు కట్టలుగా విడదీసి మళ్లీ మొదటినుంచి చదివారు.

ఫ్రెంచి విద్యార్థుల్లో ఎక్కువమంది తప్పంతా జనరల్ మేనేజర్‌దే అన్నారు. కింద ఇద్దరు కొట్టుకుంటుంటే పైవాడు పట్టించుకోకపోతే ఎలా? ఇద్దరూ వెళ్లి ఆయనకే చెప్పుకోవాలి, ఇకముందు ఇలాంటివి వస్తే ఏం చేయాలో ఆయనే ఆదేశాలివ్వాలి. జర్మన్ల దృష్టి మనుషుల మీదికే పోలేదు. ఎవరి బాధ్యత ఎక్కడిదాకా అన్నది ముందే తేల్చిపెట్టకపోవడమే వాళ్లకు కనిపించిన లోపం. కన్సల్టెంట్‌ను పిలుస్తారో, కమిటీ వేస్తారో, ఆ మేనేజర్‌తోనే చేయిస్తారో, ఎవరు చేసినా సరే, పద్ధతి అంటూ ఒకటి ఏర్పడాలి. బ్రిటిష్‌వాళ్లు పై అధికారినీ పక్కన పెట్టారు, నిబంధనలనూ పక్కన పెట్టారు. ఈ ఇద్దరికీ ఎదుటివాళ్లతో మాట్లాడి సర్దుబాటు చేసుకోవడం చేతకాదు, ఏదైనా శిక్షణ కోర్సుకు పంపండి, వీలైతే ఇద్దర్నీ కలిపే పంపండి అని రాశారు.

కాలేజీ అదే, ప్రొఫెసర్ ఆయనే, ప్రశ్న కూడా ఒక్కటే. తెలివితేటల్లో ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఎవరి చూపు ముందుగా ఎక్కడ వాలిందో వాళ్లకు కారణం అక్కడే దొరికింది. బిజినెస్ విద్యార్థుల దేశీయ తేడాల గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ పాత పరీక్ష పేపర్ల కట్టే. మీ విలువలేమిటి, మీరు ఎలాంటివాళ్లు అని ఇందులో ఎవరినీ అడగలేదు. వాళ్లు మార్కుల కోసం మనసుపెట్టి రాశారు, ఆ రాతలో వాళ్లకు తెలియకుండానే తేడా బయటపడింది. సంస్థ అనగానే ఫ్రెంచివాళ్ల మనసులో మనుషుల పిరమిడ్, జర్మన్ల మనసులో చక్కగా నూనె పెట్టిన యంత్రం, బ్రిటిష్‌వాళ్ల మనసులో ఊరి సంత మెదులుతాయని స్టీవెన్స్ తేల్చారు.

ఆ రోజుల్లోనే గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ సామాజిక మనస్తత్వవేత్త మరో దారిలో ఈ చోటికే వస్తున్నారు. ఐబీఎం కంపెనీ 1967, 1973 మధ్య తన ఉద్యోగుల చేత ప్రపంచవ్యాప్తంగా 1,16,000 ప్రశ్నావళులు నింపించింది. ఒకే రకం ఉద్యోగం చేసేవాళ్లను దేశాలవారీగా పోల్చి హాఫ్‌స్టెడ్ కొన్ని కొలమానాలు తయారుచేశారు. మనకు ఇక్కడ రెండు చాలు. మొదటిది అధికార దూరం. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య ఎడం ఉండటం సహజమేనని కిందివాళ్లే ఎంతమేరకు ఒప్పుకుంటారో ఇది చెబుతుంది. రెండోది అనిశ్చితి పట్ల అసహనం. ఏం జరగబోతోందో తెలియని స్థితి ఒక సమాజాన్ని ఎంతగా కలవరపెడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అధికార దూరంలో ఫ్రాన్స్‌కు 68 వస్తే, జర్మనీకీ బ్రిటన్‌కూ 35 చొప్పున వచ్చాయి. రెండో కొలమానంలో ఫ్రాన్స్ 86, జర్మనీ 65, బ్రిటన్ 35. బాస్‌నూ ఆదేశాలనూ కూడా కోరుకున్న ఫ్రెంచి జవాబు, బాస్ ఎవరైనా సరే నియమాలు ఉండాలన్న జర్మన్ జవాబు, రెండూ అక్కర్లేదన్న బ్రిటిష్ జవాబు ఈ అంకెల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

ఇదంతా ఐబీఎం మనుషుల తీరేమో, దేశాల తీరు కాదేమో అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో ఇమెడె బిజినెస్ స్కూల్‌లో పాఠాలు చెప్పిన కాలంలో హాఫ్‌స్టెడ్ అదే ప్రశ్నావళిని తన క్లాసుల్లో పంచారు. అక్కడికి శిక్షణకు వచ్చినవాళ్లు వేర్వేరు దేశాలవాళ్లు, వేర్వేరు కంపెనీలవాళ్లు. ఐబీఎంతో ఏ సంబంధమూ లేదు. అయినా దేశాల మధ్య తేడాలు చాలావరకు అదే వరుసలో వచ్చాయి. 1980లో వచ్చిన ఆయన పుస్తకానికి ఆ క్లాసులు ఇచ్చిన ధైర్యం తక్కువది కాదు.

మరి మన సంగతి? భారత్‌కు అధికార దూరంలో 77, అనిశ్చితి అసహనంలో 40 వచ్చాయి. అంటే పైవాడి మాట శిరోధార్యం, రూల్స్ పట్టింపు మాత్రం అంతంతే. స్టీవెన్స్ మూడు చిత్రాల్లో ఏదీ దీనికి అతకదు. భారతీయ, ఇండొనేషియా సహచరులతో చర్చించాక హాఫ్‌స్టెడ్ నాలుగో చిత్రాన్ని చేర్చారు. అది ఉమ్మడి కుటుంబం. యజమానే ఇంటిపెద్ద. తగాదా వస్తే నిబంధనల పుస్తకం తెరవరు, పెద్దాయన దగ్గరికి వెళ్తారు. ఈ చిత్రాన్ని మన వైపు నుంచే లోతుగా పరిశీలించినవారు పాట్నాకు చెందిన మనస్తత్వవేత్త జె.బి.పి. సిన్హా. మన దగ్గర బాగా పనిచేయించగలిగే అధికారి కిందివాళ్ల బాగోగులు కనుక్కుంటాడు, ఆప్యాయంగా ఉంటాడు, పని దగ్గర మాత్రం రాజీపడడు. వాళ్లు రాటుదేలేకొద్దీ నిర్ణయాల్లో వాటా పెంచుతాడు అని ఆయన 1980లో వాదించారు. పాశ్చాత్య పుస్తకాలు పెత్తనమనీ ప్రజాస్వామ్యమనీ రెండుగా చీల్చినదాన్ని సిన్హా ఒకే మనిషి ప్రయాణంలో రెండు దశలుగా చూశారు. ఆయన పేరు మన ఎంబీఏ క్లాసుల్లో ఇంకా ఎక్కువగా వినబడాలి.

బాస్ అంటే ఎలా ఉండాలన్న ఊహ కూడా దేశాన్నిబట్టి మారుతుంది. ఇన్‌సియాడ్‌లోనే ఆంద్రే లారెంట్ అనే పరిశోధకుడు వేర్వేరు దేశాల మేనేజర్లను ఒక ప్రశ్న అడిగారు. కిందివాళ్లు పని గురించి అడిగే ప్రశ్నల్లో చాలావాటికి మేనేజర్ దగ్గర కచ్చితమైన జవాబు సిద్ధంగా ఉండాలా? 1983లో ప్రచురించిన ఫలితాల్లో అవునన్నవాళ్లు స్వీడన్‌లో 10 శాతం, అమెరికాలో 18, ఫ్రాన్స్‌లో 53, జపాన్‌లో 78. తెలియదు అని చెప్పే బాస్ ఒకచోట నిజాయితీపరుడు, మరోచోట అసమర్థుడు.

ఈ అంకెలు చూసి ఎదురుగా ఉన్న విద్యార్థిని అంచనా వేయబోతే పప్పులో కాలేసినట్టే. ఇవి దేశాల సగటులు. పని విలువల మీద వచ్చిన వందలాది అధ్యయనాలను టారస్, స్టీల్, కర్క్‌మన్ అనే పరిశోధకులు 2016లో గుదిగుచ్చి చూస్తే, మొత్తం తేడాల్లో సుమారు 80 శాతం ఒకే దేశపు మనుషుల మధ్యనే ఉన్నాయి. వృత్తి, చదువు, ఆర్థిక స్థితి లాంటివి కూడా గీతలు గీస్తాయి. దేశం పేరు చెప్పి మనిషిని తూచడం శాస్త్రం పేరుతో చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఆ అన్యాయం ఎక్కువగా జరిగేది క్లాసులో మాట్లాడటం దగ్గర. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పద్ధతిలో కేసు, అంటే ఏదో ఒక కంపెనీ ఎదుర్కొన్న సమస్య, దాని మీద చర్చే పాఠం. నోరు విప్పినదానికి మార్కులుంటాయి, కొన్ని కోర్సుల్లో సగం దాకా. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైనప్పుడు ఈ పద్ధతిని హార్వర్డ్ సహకారంతోనే తెచ్చుకుంది. మాట్లాడనివాడు ఆలోచించడం లేదని ఈ పద్ధతి లోలోపల నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని హీజంగ్ కిమ్ అనే మనస్తత్వవేత్త పరీక్షకు పెట్టారు. 2002లో వెలువడిన ఆమె ప్రయోగంలో విద్యార్థులకు బొమ్మల పజిళ్లు ఇచ్చి, ఆలోచిస్తున్నది పైకి చెబుతూ చేయమన్నారు. యూరప్ మూలాలున్న అమెరికన్లకు దానివల్ల ఇబ్బంది కలగలేదు. తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లు మాత్రం మౌనంగా చేసినప్పటికంటే వెనకబడ్డారు. మరో విడతలో ఆలోచనతో సంబంధం లేకుండా ఏబీసీడీలు వల్లిస్తూ పజిళ్లు చేయమంటే కథ తిరగబడింది. ఈసారి దెబ్బతిన్నది యూరోపియన్ అమెరికన్లు. వాళ్లు లోపల మాటలతోనే ఆలోచిస్తున్నారు. ఏబీసీడీలు ఆ మాటలకు అడ్డుపడ్డాయి.

దీని పర్యవసానం గ్రేడుల్లోనూ కనబడింది. అమెరికా లా, బిజినెస్ స్కూళ్ల మార్కులను జాక్సన్ లూ, రిచర్డ్ నిస్బెట్, మైకేల్ మారిస్ అనే పరిశోధకులు పరిశీలించి 2022లో ప్రచురించారు. చొరవగా మాట్లాడాల్సిన కోర్సుల్లో తూర్పు ఆసియా విద్యార్థులు వెనకబడ్డారు, లెక్కలతో పనిపడే కోర్సుల్లో కాదు. దక్షిణాసియా విద్యార్థుల్లో ఆ వెనకబాటు కనిపించలేదు. ఆసియావాళ్లు మాట్లాడరు అనే ముద్ర అక్కడే చెల్లకుండా పోయింది.

అయితే దక్షిణాసియా విద్యార్థుల ఈ ఫలితం కూడా సగటే. ఇంటర్ నుంచి బీటెక్ దాకా నోట్సు రాసుకోవడమే చదువుగా గడిచి, నేరుగా అమెరికాలో బిజినెస్ క్లాసులో కూర్చున్న కడప అమ్మాయికో కరీంనగర్ అబ్బాయికో అది వర్తించకపోవచ్చు. వాళ్ల ఆలోచన పూర్తయ్యేలోపు చర్చ మూడు మలుపులు తిరిగి ఉంటుంది. స్టీవెన్స్ విద్యార్థులు ముందు రాశారు కనుకే ఎవరి జవాబు వాళ్లదిగా బయటపడింది. చర్చ మొదలుపెట్టే ముందు ప్రొఫెసర్ ఐదు నిమిషాలు అందరి చేతా కాగితం మీద రాయించి, ఆ కాగితాలకూ కొన్ని మార్కులు పెట్టడానికి ఏ బిజినెస్ స్కూల్‌కూ రూపాయి ఖర్చు కాదు.