జులైలో శ్రీలంక వెళ్లొచ్చా? మీరేం చెబుతారు?

"సార్, జులైలో ఓ వారం శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. వర్షాలు ఉంటాయా?"

మీరు ట్రావెల్‌ కన్సల్టెంట్‌గా చేరి రెండో రోజు. ఫోన్లో కస్టమర్‌ అడిగారు. ఏం చెబుతారు? "ఉంటాయండీ, వర్షాకాలం కదా" అంటే బుకింగ్‌ పోయినట్టే. "ఏం ఫర్వాలేదు సార్" అంటే బుకింగ్‌ వస్తుంది, వెనకాలే గొడవా వస్తుంది. సరైన జవాబు ఒక ఎదురు ప్రశ్న: "లంకలో ఏ వైపు వెళ్దామనుకుంటున్నారండీ?"

టూరిజం ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఆశ్చర్యపోకండి. టికెట్‌, హోటల్‌ ఎవరికి వాళ్లే ఫోన్లో బుక్‌ చేసుకుంటున్న రోజులివి. అయినా కస్టమర్‌ మన దగ్గరికి వస్తున్నాడంటే యాప్‌ చెప్పలేని మాట కోసమే వస్తాడు. ఉష్ణమండల దేశాలకు ఎప్పుడు వెళ్లాలన్నది అలాంటి మాటే.

వేడి కాదు, వాన చూడాలి

మనకు టూర్‌ అంటే ఎండాకాలం సెలవులు, లేదంటే డిసెంబరు చలి. ఆ లెక్క శ్రీలంకకు పనికిరాదు. భూమధ్యరేఖకు ఉత్తరాన 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఉన్న దేశం అది. కొలంబోలో ఏ నెల చూసినా సగటు ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. నువారా ఎలియా లాంటి కొండ ఊళ్లకు మాత్రం ఏ నెలలోనైనా స్వెటర్‌ కావాలి. అక్కడ సీజన్‌ను నిర్ణయించేవి వాన, గాలి. అవి రెండు వైపుల నుంచి, రెండు వేర్వేరు కాలాల్లో వస్తాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన రాష్ట్రాలే చాలు. నైరుతి రుతుపవనాలకు మంగళూరు తడిసి ముద్దవుతుంటే, పడమటి కనుమలకు ఇవతల ఉన్న అనంతపురం మబ్బుల కోసం చూస్తుంటుంది. లంకలోనూ మధ్యలో కొండలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు ఆ కొండలకు తగిలి పడమర, నైరుతి వైపే ఎక్కువగా కురుస్తాయి. కొండలు దాటి తూర్పుకి వచ్చేసరికి గాలి పొడిబారి వేడెక్కుతుంది. మట్టక్కళప్పు వైపు ఆ వేడి గాలిని కచ్చన్‌ అంటారు. ఇక నెల్లూరు సంగతి తెలిసిందేగా! జూన్‌లో హైదరాబాద్‌లో వాన పడుతుంటే అక్కడ ఇంకా ఎండలే. అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తూర్పు తీరంలోని ట్రింకోమలీ కూడా నెల్లూరుకు చుట్టమే.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ట్రింకోమలీలో జూన్‌ సగటు వాన 30 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో ఒక్కో నెలకు 330 మిల్లీమీటర్లు దాటుతుంది. కొలంబోలో జనవరిలో 60కి అటూఇటూ, మే నెలలో 390 దాకా. ఇక్కడో తిరకాసుంది. నైరుతి నడుస్తుండగానే జులైలో కొలంబో వాన 120 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఏ రుతుపవనమూ పూర్తిగా నిలదొక్కుకోని అక్టోబరు, నవంబరుల్లో మాత్రం 350 పైనే. కాబట్టి 'రుతుపవనాల కాలం' అనే మాట పట్టుకుని సలహా ఇవ్వకండి. నెలవారీ పట్టిక చూసి ఇవ్వండి. ఇంకో సంగతి, జులైలో కొలంబో వైపు వాన తగ్గినా సముద్రం తగ్గదు. బెంటోటా, మిరిస్సా బీచ్‌లలో అలలు ఈతకు ప్రమాదకరంగా ఉంటాయి. ఇది వాన పట్టికలో కనిపించదు.

కార్తీకంలో శాంకరీదేవి

అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొదటిది శాంకరీదేవి పీఠం. అది ట్రింకోమలీలో ఉంది. అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసేసిన మనవాళ్లకు లంక యాత్ర మీద మనసుపోవడం సహజం. పైగా దసరాకో, కార్తీకానికో వెళ్లాలంటారు. సరిగ్గా ట్రింకోమలీలో వానలు ఊపందుకునే సమయమది.

హైదరాబాద్‌లో ఒక ట్రావెల్‌ సంస్థలో పనిచేసే మిత్రుడు చెప్పిన సంగతి ఇది. చేరి మూడు నెలలైన ఓ కుర్రాడు కార్తీకమాసం గ్రూపుకి ప్యాకేజీ వేశాడు. దర్శనం, మర్నాడు పీజియన్‌ ఐలాండ్‌కు పడవ, సాయంత్రానికి కాండీ. అదనంగా ఒక పూట కూడా ఉంచలేదు. దర్శనమైతే గొడుగుల కిందే అయింది. పడవ కదల్లేదు. కాండీకి అర్ధరాత్రి చేరారు. "వాన పడుతుందని ముందే చెప్పొచ్చుగా బాబూ" అని పెద్దావిడ ఒకరు అడిగితే జవాబు లేదు. పడవ డబ్బులు సంస్థ వెనక్కిచ్చింది. ఆ మొత్తం కుర్రాడి ఇన్సెంటివ్‌లో కోశారు. అది న్యాయమా అంటే కాదనే అంటాను. పట్టిక చూడటం నేర్పకుండా డెస్కులో కూర్చోబెట్టినవాళ్లదీ తప్పే. కానీ ఫ్రెషర్‌గా మీరు ఆ వాదన గెలవలేరు. కార్తీకంలోనే వెళ్తామంటే వద్దనక్కర్లేదు. పడవ పెట్టకుండా, ఒక రోజు ఖాళీ ఉంచి, వాన సంగతి వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పి పంపండి.

సగటు అంటే హామీ కాదని కూడా చెప్పాలి. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ దేశాన్ని ముంచెత్తింది. కొండచరియలు విరిగిపడ్డాయి, రోడ్లు, రైలు మార్గాలు దెబ్బతిన్నాయి. బంగాళాఖాతం తుఫాన్ల కాలంలో వెళ్లేవాళ్లకు టికెట్‌ రద్దు నిబంధనలు చదివి వినిపించాల్సింది మీరే.

క్యాలెండర్‌ అంటే వాన ఒక్కటే కాదు

డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ, పడమటి తీరాలకు మంచి కాలం. మిరిస్సాలో తిమింగలాలు చూసేదీ అప్పుడే. హోటల్‌ రేట్లు మండేదీ అప్పుడే. ఏప్రిల్‌ 13, 14 తేదీల చుట్టూ సింహళ, తమిళ కొత్త సంవత్సరం. మన సంక్రాంతికి హైదరాబాద్‌ ఖాళీ అయినట్టు అక్కడ జనం సొంతూళ్లకు పోతారు, చాలా దుకాణాలు మూసేస్తారు. జులై, ఆగస్టుల్లో కాండీలో ఎసలా పెరహెరా ఊరేగింపులు. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిన్నేరియా చెరువు ఇంకుతుంటే వందల ఏనుగులు అక్కడికి చేరతాయి. ఇక ప్రతి పౌర్ణమీ అక్కడ పోయా సెలవు, మద్యం అమ్మరు. ఫ్రెండ్స్‌ గ్యాంగ్‌ బుకింగ్‌ వస్తే ఇది మాత్రం మర్చిపోకండి!

ఇదే చూపుతో మిగతా దేశాలూ చూడొచ్చు. థాయిలాండ్‌లో ఫుకెట్‌కు మే నుంచి అక్టోబరు దాకా వానలైతే, అవతలి తీరంలోని కోసమూయికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వియత్నాంలో హనోయి అక్టోబరులో హాయిగా ఉంటే, అదే నెలలో హోయి ఆన్‌ వీధుల్లోకి వరద నీళ్లు రావొచ్చు. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మనకు వానలు పడే జూన్‌, జులైల్లో అక్కడ పొడి వాతావరణం.

ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఓ ఆదివారం కూర్చుని ఐదు దేశాలకు ఇలా ఒక్కో పేజీ రాసుకోండి. ఆయా దేశాల వాతావరణ శాఖలు ఇచ్చే 30 ఏళ్ల సగటు వాన, వాన పడే రోజుల సంఖ్య, సముద్రం తీరు, పండగలు. ఒక నెలలో 120 మిల్లీమీటర్లు నాలుగు సాయంత్రాల్లో పడటం వేరు, ఇరవై రోజులు ముసురు పట్టడం వేరు. అందుకే రోజుల సంఖ్య కూడా చూడమనేది. ఈ రంగంలో కోర్సు చేయాలనుకుంటే నెల్లూరులో ఐఐటీటీఎం క్యాంపస్‌, హైదరాబాద్‌లో నిథమ్‌ ఉన్నాయి. టికెటింగ్‌ వైపు వెళ్లేవారు అమేడియస్‌, గెలీలియో లాంటి బుకింగ్‌ సిస్టమ్స్‌ నేర్చుకోవాలి. సీజన్ల పరిజ్ఞానానికి మాత్రం ఫీజు కట్టక్కర్లేదు.

ఇక ఫోన్లో ఉన్న కస్టమర్‌. "జులై అయితే బీచ్‌కి ట్రింకోమలీ పెట్టుకుందాం సార్‌. దారిలో సిగిరియా, పొలొన్నరువా, తర్వాత కాండీ. బెంటోటా ఈసారికి వదిలేయండి, అది ఫిబ్రవరిలో బాగుంటుంది. కాండీ గదులు మాత్రం ఇవాళే బ్లాక్‌ చేయాలి, పెరహెరా తేదీలు చూసుకుని చెబుతాను."

ఆయన తర్వాతి ప్రశ్న ఎలాగూ "రేటెంత?" అనే. అది హోటల్‌కు ఫోన్‌ చేసి కనుక్కున్నాకే చెప్పండి.