గొర్రె వీపునుంచి కదురు దాకా

“గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు” అనే సామెత వాడని తెలుగువాడు అరుదు. ఆ వెంట్రుక గొర్రె ఒంటినుంచి గొంగట్లోకి ఎలా చేరిందో మాత్రం అడిగేవారు తక్కువ. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ సందేహం కలిగింది. తీర్చుకోవడానికి నిఘంటువు చాలలేదు. మెదక్ ప్రాంతపు పల్లెలో, ఒక కురుమ అవ్వ దగ్గర శిష్యరికం చేశాను.

అన్ని గొర్రెలకూ ఉన్ని ఉండదు సుమా! నెల్లూరు గొర్రె ఎంత ఎత్తరి అయినా దాని ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే. ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. ఆ ఉన్ని ఎక్కువగా నలుపు, కాస్త మొరటు. ఏడాదికి రెండుసార్లు కత్తెర వేస్తారు. పిల్లకు తీసే తొలి ఉన్ని అన్నిటికంటె మెత్తన.

ఒక గొర్రె ఉన్నిని నా ముందు కుప్ప పోసి అవ్వ అన్నది: “సారూ, వడుకుడు నాలుగు దినాల్ల వస్తది. ఉన్ని సాఫ్ జేసుడే అసలు పని.”

ఆ మాట అక్షరాలా నిజం. మొదట ఏరాలి. పొట్టకిందిదీ, కాళ్లదీ, పేడ అంటినదీ తీసి పారవేయాలి. పల్లేరుకాయలు, గడ్డిగింజలు చేత్తోనే లాగాలి. తరవాత కడగడం. ఉన్నికి గొర్రె చర్మంనుంచి ఊరిన జిడ్డు పట్టి ఉంటుంది. దాన్ని శుద్ధి చేస్తే వచ్చేదే లేపనాల్లో వాడే లానోలిన్. మెరినోవంటి సన్న ఉన్నికి ఈ జిడ్డు ఎక్కువ. మన దక్కనీ ఉన్నికి జిడ్డు తక్కువ, దుమ్ము ఎక్కువ. వేడినీళ్లలో కుంకుడురసం కలిపి, ఉన్నిని అందులో మునిగేలా ఉంచాలి. పిసకకూడదు, రుద్దకూడదు. ప్రతి ఉన్నిపోగు మీదా చేపకున్నట్టు సన్నని పొలుసులుంటాయి. వేడిలో రుద్దితే అవి ఒకదానినొకటి పట్టుకుని ఉన్నంతా అట్ట కడుతుంది. ఆ తరవాత ఏ మొనగాడూ దాన్ని విడదీయలేడు.

నీడన ఆరాక, వేళ్లతో పోగులు విప్పి, వింటి నారితో ఏకుతారు. నారి తగిలినప్పుడల్లా ఉన్ని మబ్బులా లేస్తుంది, దుమ్ము కింద రాలుతుంది. దాన్ని ఏకులుగా చుట్టుకుని రాట్నం ముందు కూర్చోవాలి. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంది. ఎడమచెయ్యి ఏకును వెనక్కు జరుపుతుంది. పురి ఎక్కువైతే నూలు ముడివడుతుంది, తక్కువైతే తెగుతుంది. చెయ్యి కుదిరేదాకా ఎవరి నూలైనా ఒకచోట లావు, ఒకచోట సన్నం. “గుంజొద్దు సారూ, అదే వస్తది,” అని అవ్వ ఎన్నిసార్లు అన్నదో! రెండు పోగుల్ని వడికిన దిక్కుకు ఎదురుగా పేనితే నూలు నిలకడగా ఉంటుంది. గొంగడికి మాత్రం ఒంటిపోగే చాలు. చింతగింజల గంజి పెట్టి మగ్గానికి ఎక్కిస్తారు.

ఈ పని కురుమల బతుకులో ఎంతగా పెనవేసుకుందంటే, పెళ్లిలో చేతికి కట్టే దారాన్నిబట్టి వారిలో ఉన్ని కంకణంవారని, పత్తి కంకణంవారని రెండు శాఖలే ఉన్నాయి.

అటువంటి ఉన్ని ఇప్పుడు చాలాచోట్ల చేనిగట్ల పాలవుతోంది. కత్తెర వేసినవానికిచ్చే కూలి కూడా ఉన్ని ధరలో రాదు. మాంసానికి గిరాకీ పెరిగి, మందల్లోకి బరువు తూగే నెల్లూరు పొట్టేళ్లు వచ్చాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కో లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టినప్పుడు పొరుగు రాష్ట్రాలనుంచి తెచ్చిన జీవాల్లోనూ ఉన్నిలేనివి చేరాయి. మాంసం అమ్ముకునే కాపరిని తప్పుపట్టలేం. కాని తరం మారేకొద్దీ మందలో ఉన్ని పలచబడుతుంది. ఉన్నితోపాటు దాన్ని ఏకే చేతులూ తగ్గుతాయి. అవ్వ కోడళ్లలో ఒక్కరికీ రాట్నం పని రాదు.

మొరటు ఉన్ని స్వెట్టరుకు పనికిరాదన్నది నిజమే. వానలో కొప్పెర వేసుకోవడానికి, చలిలో నేలమీద పరుచుకోవడానికి ఆ మొరటుదనమే బలం. ఆసక్తి ఉన్న పాఠకులు కత్తెర వేసే రోజుల్లో ఏ కాపరినైనా ఒక్క గొర్రె ఉన్ని అడిగి చూడండి; సంతోషంగా ఇస్తాడు. నేర్చుకోవడానికి అది చాలు. నేర్పే అవ్వ ఉన్నప్పుడే అడగాలి మరి.