పెట్టె లేని గిటారు
విద్యుత్ గిటారును డిస్టార్షన్ పెడల్ మీదుగా నేరుగా రికార్డింగు యంత్రానికి తగిలించి వాయించి చూడండి. డబ్బాలో పడ్డ కందిరీగలా గీపెడుతుంది. మనకు పరిచితమైన ఆ నిండు గొంతులో సగం గిటారుది కాదు. చెక్కపెట్టెలోని పన్నెండంగుళాల స్పీకరుది. సుమారు 5,000 హెర్ట్జ్‌లకు పైనున్న కీచుధ్వనులను అది చాలావరకు మింగివేస్తుంది. ఆ లోపమే దాని గుణం!

పెట్టె లేకుండానే ఆ గొంతును పలికించవచ్చునని 1980లలో తేలింది. బోస్టన్ బృందపు గిటారిస్టు, ఎం.ఐ.టి.లో చదివిన ఇంజనీరు టామ్ షోల్జ్ 1982లో హెడ్‌ఫోనుతో వినే 'రాక్‌మన్' తెచ్చాడు. 1989లో 'శాన్సాంప్' పెడల్ వచ్చింది. నేటి పెడళ్లలో అనేకం, అసలు పెట్టె ముందు మైకు ఉంచి కొలిచిన స్పందనను భద్రపరచుకొని వాడుకొంటాయి. అపార్ట్‌మెంటులో అర్ధరాత్రి సాధన చేసేవారికి (వారి పొరుగువారికి కూడ) ఇంతకన్న వరమేముంది?

పెడళ్ల వరుసలో దీని చోటు సాధారణంగా చిట్టచివర. అక్కడి నుండి తీగ మిక్సరుకు వెళ్లాలి. గిటారు స్పీకరుకే పంపితే వడపోత రెండుమార్లు జరిగి, ధ్వనికి దుప్పటి కప్పినట్లవుతుంది.

ఖరీదైన పొరపాటు మరొకటి ఉంది. వాల్వు ఆంప్లిఫయరుకున్న స్పీకరును విప్పి, ఆ స్థానంలో ఈ పెడల్‌ను తగిలించరాదు. ఇది పెట్టె గొంతును అనుకరిస్తుందే కాని దాని భారాన్ని మోయదు. ఆ భారం మోసే లోడ్‌బాక్సు లేకుంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. లోడు లోపలే అమర్చిన రకాలూ ఉన్నాయి. కొనబోయే ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవలసిందే.