ఆటకు డబ్బు ఎవరిస్తారు?

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకొని పరుగెత్తుతారు. యూనివర్సిటీల జట్లు ఆడితే చూడడానికి వేలల్లో జనం వస్తారు. కొన్నిచోట్ల లక్షమంది కూడా వస్తారు.

మంచి ఆటగాళ్ళకు ఫీజు, హాస్టలు, తిండి ఖర్చు యూనివర్సిటీయే పెట్టుకుంటుంది. సర్కారు యూనివర్సిటీలో ఫీజు తక్కువ, ప్రైవేటులో ఎక్కువ. అందుకే ఒక్క ఆటగాణ్ణి తెచ్చుకోవాలన్నా ప్రైవేటుకు ఖర్చు ఎక్కువ. పైగా అక్కడ చదివేవాళ్ళు తక్కువమంది. "ఇది మా జట్టు" అని రాష్ట్రమంతా అనుకోదు. మరి డబ్బు ఎక్కణ్ణించి రావాలి? అక్కడే చదివి, బాగా సంపాదించినవాళ్ళు ఇవ్వాలి.

డాలస్ నగరం పేరు వినే ఉంటారు. మన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఆ ఊళ్ళో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉంది. అది ప్రైవేటుది. సుమారు 12 వేలమంది చదువుతారు. అదే రాష్ట్రంలో ఉన్న సర్కారు టెక్సాస్ యూనివర్సిటీలో 50 వేలకు పైగా చదువుతారు. ఈ చిన్నది ఆ పెద్దదానితో పోటీపడాలి. పడింది కూడా. 1982లో ఈ జట్టు ఒక్క ఆట కూడా ఓడిపోలేదు.

ఆటగాళ్ళు గట్టివాళ్ళే. కానీ చాటుగా డబ్బు కూడా నడిచింది. చదువుకునే ఆటగాళ్ళకు డబ్బు ఇవ్వకూడదని అప్పటి నియమం. పట్టుబడ్డారు, శిక్ష పడింది, అయినా మానలేదు. 13 మందికి 61 వేల డాలర్లు ముట్టాయని తేలింది. 1987లో కాలేజీ ఆటల సంఘం ఆ ఏడాది ఆటలన్నీ రద్దు చేసింది. 1988లో యూనివర్సిటీయే ఆడడం మానుకుంది. పైసా తీసుకోని పిల్లలు కూడా నష్టపోయారు. చాలామంది వేరే యూనివర్సిటీలకు పోవలసి వచ్చింది. తప్పు పెద్దలది, దెబ్బ పిల్లలకు.

1989లో కొత్త కుర్రాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తర్వాత 20 ఏళ్ళలో, ఓటములకన్నా గెలుపులు ఎక్కువైంది ఒకే ఒక్క ఏడాది.

ఇప్పుడు నియమాలు మారాయి. 2021 నుంచి ఆటగాళ్ళు ప్రకటనల్లో కనిపించి సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే వాళ్ళకు డబ్బు ఇవ్వవచ్చు. ఒకప్పుడు చాటుగా ఇచ్చినందుకు జట్టే మూతపడింది!

2024లో ఈ యూనివర్సిటీ పెద్ద జట్ల కూటమిలో చేరింది. చేరడానికి 9 ఏళ్ళపాటు కూటమి టీవీ డబ్బులో వాటా వదులుకుంది. ఆ లోటు పూడ్చడానికి దాతలు ముందుకొచ్చారు. అదే ఏడాది, దేశంలో 12 జట్లు ఆడే ఆఖరి పోటీకి చేరి, మొదటి ఆటలోనే ఓడిపోయింది. అంత డబ్బిచ్చే దాతలు లేని ప్రైవేటు యూనివర్సిటీకి అలాంటి షరతు ఒప్పుకోవడం కుదరదు.