టామ్ యమ్: మన చారుకు థాయ్ చుట్టం

కొన్నేళ్ళ క్రితం మా అమ్మగారు తెనాలి నుండి డబ్లిన్‌కు వచ్చినప్పుడు, నోరు చప్పబడిందంటే ఒక థాయ్ భోజనశాలకు తీసుకొని వెళ్ళాము. "ఇందులో మాంసం లేదు కదా?" అని అడిగితే "లేదు" అన్నారు. అమ్మ రెండు గిన్నెల టామ్ యమ్ త్రాగి, "ఇది మన చారుకు పినతల్లి కూతురు" అన్నది. ఆ మరునాడు తెలిసింది, అందులో ఉప్పుకు బదులు పోసేది చేపల రసమని. వండినవారు అబద్ధమాడలేదు, వారి లెక్కలో అది ఉప్పుతో సమానం. అమ్మ మమ్మల్ని ఏమీ అనలేదు. రెండు రోజులు మజ్జిగన్నంతో గడిపింది. ఆ తరువాతనే నేను ఈ చారును ఇంట్లో కాచటం నేర్చుకొన్నాను.

థాయ్ భాషలో "టామ్" అంటే ఉడికించడం, "యమ్" అంటే కలపడం. పేరులోనే వంట విధానం ఉన్నది: కొన్నిటిని ఉడికించాలి, కొన్నిటిని దించిన తరువాత కలపాలి. ఈ తేడా తెలియకనే మొదట నేను కాచినది కషాయమయింది.

ఉడికించవలసినవి మూడు. మొదటిది నిమ్మగడ్డి, దాని పరిమళం సిట్రాల్ అనే పదార్థానిది. రెండవది మక్రూట్ నిమ్మ ఆకు. అందులో ప్రధానమైనది సిట్రొనెలాల్. మూడవది మన వైద్యులు దుంపరాష్ట్రం అనే దుంప, థాయ్‌లో "ఖా". నీలగిరి తైలంలోను, ఏలకులలోను ఉండే సినియోల్ దీనిలోను ఉన్నది. అల్లం దీనికి బదులు రాదు. వేస్తే మంచి అల్లం చారే అవుతుంది గాని టామ్ యమ్ కాదు.

సిట్రాల్ మరిగే ఉష్ణోగ్రత సుమారు 229 డిగ్రీల సెంటీగ్రేడు. అట్లయితే 100 డిగ్రీల వద్ద మరిగే నీటిలో అది భద్రంగా ఉండాలి కదా అనిపిస్తుంది. ఉండదు. నీటిలో కలవని తైలాలు నీటి ఆవిరితో కలిసి లేచిపోతాయి. అత్తరు తీసేవారు వాడుకొనేది ఈ సూత్రాన్నే. ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే మనకు సంతోషం. రసాయనశాస్త్రం లెక్కలో అది గిన్నెలో నుండి పోయిన సరుకు. కనుక నిమ్మగడ్డిని రోకలితో నలగగొట్టి, ఆకును చించి, మూతపెట్టి, సన్నని సెగమీద పది నిమిషాలకు మించకుండా ఉంచాలి.

ఇక పులుపు. మన చారులో చింతపండును ఎంత మరిగించినా దాని టార్టారిక్ ఆమ్లం చెక్కుచెదరదు. పైగా పచ్చివాసన పోవాలంటే మరగాలి కూడా. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లమూ ఎక్కడికీ పోదు. పోయేది దాని తాజా వాసన. పైపెచ్చు ఆమ్లమూ వేడిమీ కలిస్తే సిట్రాల్ వేరే పదార్థాలుగా మారిపోతుంది. నిమ్మకాయ చారును దించిన తరువాతనే రసం పిండాలని మా నాయనమ్మ అనేది. ఆమెకు సిట్రాల్ సంగతి తెలియదు.

కొబ్బరిపాలు పోసి చేసేది టామ్ ఖా. కొబ్బరిపాలలో సన్నని కొవ్వు బొట్లను మాంసకృత్తులు పొరలాగా చుట్టుకొని విడివిడిగా నిలుపుతాయి. గట్టిగా మరిగిస్తే ఆ పొర చెడుతుంది. పులుపు కూడా తోడైతే మాంసకృత్తులు ముద్దకట్టి, పాలు విరుగుతాయి. ఇక్కడ కూడా నిమ్మరసం దించిన తరువాతనే.

చేపల రసానికి బదులేమిటి? అందులో ఉప్పుతో పాటు రుచినిచ్చేది గ్లుటామేట్. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునాయె ఇకెడా దీనిని కోంబు అనే సముద్రపు నాచు నుండి వేరుచేశాడు. ఎండు షిటాకే పుట్టగొడుగులలో గ్వానిలేట్ లభిస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు రుచి కూడిక కాదు, హెచ్చవేత. నలుగురికి లీటరు చన్నీటిలో అరచేతి పొడవు కోంబు ముక్క, నాలుగు ఎండు పుట్టగొడుగులు రాత్రి నానబెట్టి, మెల్లగా వేడిచేసి, మరగబోయే ముందు కోంబును తీసివేయాలి. పుట్టగొడుగు ముట్టని పెద్దలకు కోంబు, పండిన టొమేటోలు చాలు. ఆ నీటిలో నిమ్మగడ్డి రెండు కాడలు, ఖా ముక్కలు ఎనిమిది, ఆకులు ఐదు, పచ్చిమిరప, ఉప్పు, రవ్వంత తాటిబెల్లం; దించాక మూడు పెద్ద చెంచాల నిమ్మరసం. నిమ్మ అంటే ఇక్కడి పచ్చని లైమ్, పసుపు లెమన్ కాదు. అంగడిలో దొరికే వేయించిన మిరప ముద్దలో సాధారణంగా ఎండు రొయ్యలుంటాయి. రొయ్యలు పడని పిల్లలున్న ఇంట్లో ఇది మడి విషయం కాదు, ప్రాణం విషయం; సీసామీది అక్షరాలు చదవక తప్పదు.

మక్రూట్ ఆకు, మన కరివేపాకు ఒకే కుటుంబానివి. నారింజ తోటలను చంపే పచ్చతెగులును మోసే పురుగుకు రెండూ ఇష్టమే. కాలిఫోర్నియాలో 2008లో ఆ పురుగు, 2012లో ఆ తెగులు మొదటిసారి కనబడినవి. కనుక ఇండియా నుండి పెట్టెలో ఆకు తేవద్దు, పెరటి రెమ్మను వేరే ఊరి స్నేహితులకు పంపవద్దు. అంగడిలో కొన్న ఆకు ఫ్రీజరులో నెలల తరబడి ఉంటుంది.

మిగిలిన చారును మరునాడు వేడిచేస్తే పులుపు ఉంటుంది, పరిమళం ఉండదు. ఒక ఆకు చించి వేసి, మరగనీయకుండా వెచ్చబెట్టి, దించాక మరి నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి.