రహీం సాహెబుగారి పోలీసు జట్టు

పెద్ద జట్టును గెలిపించినవానికి పేరు వస్తుంది. చిన్న జట్టును పెద్దదిగా చేసినవానిని లోకం తొందరగా మరచిపోతుంది. హైదరాబాదు వాస్తవ్యులైన సయ్యద్ అబ్దుల్ రహీంగారి (1909–1963) సంగతే చూడండి. ఆసియా క్రీడలలో మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను బంగారు పతకం తెచ్చిన శిక్షకుడాయన. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనవారు నాలుగవ స్థానం పొందినదీ ఆయన చేతిమీదనే. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ చిత్రం పుణ్యమా అని మన పిల్లలకు కూడా ఈమాత్రం తెలిసింది. కాని అది భారత జట్టు కథ. ఆయన నడిపిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు కథ చాలమంది ఎరుగరు. ఆయన శక్తిని కొలవదలచినవారు ముందుగా అక్కడే చూడాలని మా అభిప్రాయం.

మా బోటి ఆఫీసు గుమాస్తాలకు జమ, ఖర్చు, నిలువ చూడనిదే ఏ లెక్కా తేలదు. ఇదీ అట్లే చూతము.

మొదట చేతిలో ఉన్నదేమిటి? రహీంగారు వృత్తిచేత బడిపంతులు. 1943 ప్రాంతంలో పోలీసు జట్టు శిక్షణ చేపట్టారు. కలకత్తా పెద్ద క్లబ్బులు దేశం నాలుగు మూలలనుంచి ఆటగాళ్ళను రప్పించుకొనేవి. పోలీసు జట్టు ఇవ్వగలిగినదల్లా ఒక ఉద్యోగం. హైదరాబాదు, సికిందరాబాదు కుర్రవాళ్ళతోనే ఆయన పని నడపవలసి వచ్చింది. అందుకు ఆయన పట్టిన దారి పంతులుగారి దారే. బలహీనమైన కాలితోనే ఆడాలని ఒక పోటీ, బంతిని కాళ్ళమధ్య తిప్పుకుంటూ పోరాదని మరొక పోటీ పెట్టేవారు. రెండు కాళ్ళూ సమంగా పనిచేయాలి, బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందాలి — ఇదీ ఆయన పాఠం.

ఇక జమ. బొంబాయి రోవర్స్ కప్పును పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లలో వచ్చింది. మొదటిసారి ఓడినది మోహన్ బగాన్ అంతటి జట్టు. ఆంధ్రా పోలీసు అని పేరు మారిన తరువాత 1961లో మరల డ్యూరాండ్ దక్కింది. జట్టునుంచి నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు ఒలింపిక్స్‌కు వెళ్ళినారు.

ఖర్చు పద్దు దాచరాదు. 1952, 1956 డ్యూరాండ్ ఫైనల్స్‌లో ఈ జట్టు ఈస్టు బెంగాల్ చేతిలో ఓడింది. చిన్న జట్టుకు ఎప్పుడూ ఉండే మరొక ఖర్చు, తయారైన ఆటగాడు తరలిపోవడం. రహీంగారు తీర్చిదిద్దిన సికిందరాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్టు బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. పైగా చిన్నచోట గెలిచినవాడు పెద్దచోట గెలుస్తాడన్న పూచీ లేదు. ఇంగ్లండులో బ్రయన్ క్లఫ్ 1975లో రెండవ డివిజనులో ఉన్న నాటింగ్‌హాం ఫారెస్టును చేపట్టి 1979, 1980లలో యూరోపియన్ కప్పు గెలిపించాడు. అదే మనిషి అంతకుముందు లీడ్స్‌లో 44 రోజులే నిలిచాడు. రహీంగారు భారత జట్టుతో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1 దెబ్బ తిన్నారు. అయినా పోలీసు జట్టుకు చెప్పిన పాఠమే దేశపు జట్టుకూ చెప్పి, పదేళ్ళకు జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించారు.

చివరకు నిలువ. ఆయన 1963 జూన్ 11న కాలధర్మం చెందారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ పాత మదుపు ఫలమే. తరువాత నిలువ తరిగింది. ఆసియా క్రీడలలో 1970లో ఒక కంచు పతకం తప్ప మన ఫుట్‌బాల్‌కు మరల పతకం రాలేదు. ఇది ఆయన లోపమని మేము అనము. చెట్టు కాసినన్నాళ్ళు కాయలు కోసుకొని, విత్తనం దాచుకోనిది మనమే.

మన కుడతినిలో, తోరణగల్లులో షిఫ్టు డ్యూటీ దిగివచ్చి సాయంకాలం నలుగురు పిల్లలకు బంతాట నేర్పే యువకుడు కనబడితే, “ఏం కప్పు తెచ్చావు?” అని అడుగుతాం. ఆ ప్రశ్న తప్పు కాదు, చాలదు. ఏమి చేతబట్టుకొని మొదలుపెట్టాడు, ఎవరిని తయారుచేశాడు, రేపు అతని చోట నిలబడేదెవరు — ఇవి కూడా అడగాలి. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఆ యువకుడు కాదు. మైదానం గట్టున నిలబడి చూచే మన పెద్దలే.